సన్మానాలకు హాజరు, తరగతికి గైర్హాజరు

మా విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు మొత్తం ఒక్కరే. ఆ ఒక్క పిల్లా నేను ఆయాగా పనిచేసే ఆడపిల్లల హాస్టల్లో, మోటారు గది పక్కన ఉంటుంది. పేరు చిసోమో. దేశం మలావీ. చేపల పెంపకం మీద ఎమ్మెస్సీ చదవడానికి వచ్చింది. వాళ్లకు సముద్రం లేదట, సముద్రమంత సరస్సు ఉందట. అందులో చేపలు తగ్గిపోతున్నాయని అక్కడి ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి, మా వైపు రొయ్యల చెరువులు చూసి నేర్చుకుని రమ్మని పంపింది. ఒక్క పేపరు తప్పినా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అది ఆగితే పెట్టె సర్దుకోవాలి.

ఇక్కడికి వచ్చి ఏడాది దాటింది. మా మాట మా యాసతోనే పట్టేసింది. నన్ను "అప్పా" అంటుంది. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. మొక్కజొన్న పిండి ఉడికించి ముద్ద చేసి, ఎండు నెత్తళ్ల కూరతో మా పాపకి తినిపిస్తుంది. పాప పేరు పైడి, నాలుగేళ్లు. ఇంట్లో అన్నం ముద్ద పెడితే మొహం తిప్పుకునే పిల్ల అక్కడ గిన్నె నాకేస్తుంది. నాకు భయం ఎక్కువ. పాప తుమ్మితే నాకు నిద్ర పట్టదు, వార్డెన్ గారు పిలిస్తే ఉద్యోగం పోయిందనుకుంటాను. ఆ పిల్ల గదిలో పాప ఉందంటే మాత్రం రెండు అంతస్తులూ నిశ్చింతగా తుడిచి వస్తాను.

ఇలా ఉండగా, విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందని కబురు వచ్చింది. ఆ బృందానికి ఈ ఏడు వైవిధ్యం అంటే బాగా ఇష్టమట. వైస్ ఛాన్సలర్ గారు వెంటనే 'నల్లజాతి చరిత్ర, వారసత్వ మాసోత్సవం' ప్రకటించారు. ఇంటర్ రెండో ఏడు దాకా చదివాను కాబట్టి నోటీసు బోర్డు నేనే చదివి చిసోమోకి చెప్పాను. అందులో ఇలా ఉంది:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, విశ్వవిద్యాలయమందలి ప్రతి విభాగమూ విధిగా ఒక ఉత్సవము జరపవలెను. నల్లజాతి ప్రతినిధి వేదికపై ఆసీనులు కానిదే ఏ కార్యక్రమమూ ప్రారంభము కారాదు. సదరు ప్రతినిధి వేదిక దిగనంత వరకు కార్యక్రమము ముగిసినట్లు పరిగణింపబడదు."

"బావుంది అప్పా," అంది చిసోమో. "ఆ ప్రతినిధి ఎవులో?"

"ఇంకెవులే? నువ్వే."

"అన్నిటికీనా?"

విభాగాలు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. జీతాలు రానప్పుడు అన్ని విభాగాలూ ధర్నాకి కూర్చుంటే మాత్రం పరిపాలన భవనం ముందు ఖాళీ ఉండదు.

మర్నాడు ఉదయమే ఉత్సవ సమన్వయకర్త ఆచార్య వామనమూర్తి గారు హాస్టల్‌కి వచ్చారు. చేతిలో శాలువా.

"అమ్మా చిసోమో! మీ జాతి శతాబ్దాల పాటు అవమానాల పాలైంది. ఆ లోటును ఈ నెల్లోగా భర్తీ చేయాలని విశ్వవిద్యాలయం సంకల్పించింది," అన్నారు.

"సంతోషమండి. మరి నాకు తొమ్మిదికి క్లాసుందండి."

"తొమ్మిదికే భౌతికశాస్త్ర విభాగం వారి ప్రారంభోత్సవం. మీరు కేవలం కూర్చుంటే చాలు."

"నాను ఏదైనా మాట్లాడాలాండి? మా అమ్మమ్మ గురించి రాసుకున్నాను. సరస్సు కాడ చేపలు ఎండబెట్టి అమ్మీది. అలాగ మా అమ్మనీ, పిన్నమ్మల్నీ అందర్నీ సదివించింది. మా ఇంట్లో సరిత్రంటే అదేనండి."

వామనమూర్తి గారు నొచ్చుకున్నారు. "చేపలమ్ముకుని పిల్లల్ని చదివించిన వారు మా రేవులోనూ ఉన్నారమ్మా. అందులో ఆఫ్రికా ఎక్కడుంది? పైగా మీరు తెలుగు మాట్లాడితే సభకు గందరగోళం. మీ మనసులో ఏముందో నేను ఇప్పటికే రాసి ఉంచాను. నేనే చదువుతాను."

అలా మొదలైంది. పొద్దున భౌతికశాస్త్రం, మధ్యాహ్నం సంస్కృతం, సాయంత్రం వ్యాయామ విద్య. ప్రతి చోటా దీపం, దండ, శాలువా, జ్ఞాపిక, ఫోటో. ప్రతి చోటా నల్లజాతి గురించి ఆ పిల్లకి రెండు గంటలు చెప్పేవారు. సివిల్ ఇంజనీరింగు వాళ్లు ఆఫ్రికా గుడిసె కట్టి, దాని గుమ్మంలో కూర్చోబెట్టారు. వాళ్ల నాన్న బ్యాంకు ఉద్యోగి, వాళ్లది పెంకుటిల్లు అని చెప్పబోయింది. నమూనా ఆమోదం పొందిందనీ, ఇప్పుడు ఇల్లు మార్చడం కుదరదనీ అన్నారు. భూగర్భశాస్త్రం వాళ్లు నల్లరాయి మీద ఉపన్యాసం పెట్టారు. సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే టిఫిను ఆలస్యమవుతుంది.

మా ఆయన దేముడు మైకు సెట్టు పని చేస్తాడు. ప్రతి సభలోనూ ఉండేవాడు.

"ఆ గుంట వొక్క ముక్క మాట్లాడలేదే రత్నం," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. "ఆ పిల్ల ముందు మైకు పెట్టడం కూడా మానీసినాను. దండలకి అడ్డమైపోతంది."

జ్ఞాపికలతో చిసోమో గది నిండిపోయింది. మంచం కిందా అవే, కిటికీలోనూ అవే. పైడి వాటితో ఇల్లు కట్టుకుని ఆడుకునేది.

మూడో వారంలో 'ఆఫ్రికా వనిత' వేషధారణ పోటీ జరిగింది. ఆడపిల్లలంతా మొహాలకి బూట్ పాలిష్ పూసుకుని, నాటకాల కంపెనీ నుంచి తెచ్చిన ఈకలు పెట్టుకుని వచ్చారు. చిసోమో వాళ్ల అమ్మ పంపిన పువ్వుల అద్దకం గుడ్డ నడుముకి చుట్టుకుని, పైన తెల్ల జాకెట్టు వేసుకుని వచ్చింది. చక్కగా ఉంది. న్యాయనిర్ణేతలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. మేకప్‌కి ఆమెకు సున్నా వేశారు, ఎందుకంటే వేసుకోలేదు. సహజత్వానికి కూడా బాగా తగ్గించారు, పాత్రలో లీనం కాలేదట. మొదటి బహుమతి వామనమూర్తి గారి అమ్మాయికి వచ్చింది. చిసోమోకి ప్రోత్సాహక బహుమతి.

"నిరుత్సాహపడవద్దు," అని వామనమూర్తి గారు ఆమె భుజం తట్టారు. "సాధన చేస్తే వచ్చే ఏడు తప్పక వస్తుంది."

ఆ సాయంత్రం కుళాయి దగ్గర అమ్మాయిలు సబ్బు పెట్టి రుద్దుకుంటుంటే పైడి నిలబడి చూసింది. "అమ్మా, ఆల్లకి పోయింది. నాకెప్పుడు పోద్ది?" అని అడిగింది.

మా అత్తమ్మ ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి ఆ పిల్లని తోలు ఊడేలా రుద్దుతుంది, రంగు తేలాలని. చిసోమో దాన్ని ఎత్తుకుని తన చెయ్యి దాని చేతి పక్కన పెట్టింది.

"మనది గట్టి రంగే పైడీ. సబ్బుకి బెదరదు," అంది.

పైడి ఇంటికి వెళ్లి వాళ్ల నాయనమ్మకి అదే చెప్పింది. "ఓలమ్మో! ఎవులు నేర్పినారే నీకు?" అని అత్తమ్మ నోరు నొక్కుకుంది. కానీ, విశ్వవిద్యాలయంలో ఆ రంగు వాళ్లకి రోజుకి మూడు శాలువాలు ఇస్తున్నారని మా ఆయన చెబితే, ఆలోచనలో పడింది. "అయితే ఈ వారం నలుగు మానీమంటావేటిరా?" అంది.

నెలాఖరుకి పరీక్షల హాల్ టికెట్లు ఇచ్చారు. చిసోమోకి ఇవ్వలేదు. తరగతి హాజరు డెబ్బై ఐదు శాతం లేదట. ఎలా ఉంటుంది? తరగతి జరిగే వేళకల్లా ఎక్కడో ఒకచోట దండ వేస్తున్నారాయె.

రిజిస్ట్రార్ గారి దగ్గరికి తోడు రమ్మంది. పైడిని చంకనేసుకుని వెళ్లాను. రిజిస్ట్రార్ గారు నిబంధనల పుస్తకం ఎదురుగా పెట్టుకుని, ముక్కు మీద కళ్లజోడు పెట్టుకుని ఉన్నారు.

"అన్ని రోజులూ మీ సభల్లోనే ఉన్నానండి," అంది చిసోమో. "పేపర్లో ఫోటోలు కూడా పడ్డాయండి."

"నిస్సందేహంగా. మీ సేవలను విశ్వవిద్యాలయం వేనోళ్ల కొనియాడుతోంది. అయితే, విశ్వవిద్యాలయం తరఫున వెలుపల పాల్గొన్న వారికి మాత్రమే హాజరు మినహాయింపు వర్తించును. మీరు లోపల సన్మానం పొందారు."

"నాను పొందుతానన్లేదండి. మీరే పిలిసినారు."

"పిలుపును స్వచ్ఛందంగా మన్నించినట్లు పరిగణించబడింది. అభ్యంతరం ఉన్నచో, సన్మానానికి మూడు రోజుల ముందు తెలియపరచవలసింది."

"బాబూ," అన్నాను నేను, నోరు పెగుల్చుకుని. "పరీక్ష పోతే ఈ పిల్ల స్కాలర్‌షిప్ పోద్దండి. దేశం ఎలిపోవాలండి."

ఆయన కళ్లజోడు తీశారు. నిజంగానే బాధపడ్డట్టు కనిపించారు. "పోయేముందు ఘనంగా వీడ్కోలు సభ ఏర్పాటు చేస్తాం," అన్నారు.

మెట్లు దిగుతుంటే చిసోమో ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. నా ఇంటర్ రెండో ఏడు సివిక్స్ పరీక్ష రోజునే నాకు నిశ్చితార్థం పెట్టారు. ఆ ముహూర్తం దాటితే మళ్లీ మంచిది లేదన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, పళ్లాలు చేతికిచ్చి ఫోటోలు తీశారు. అందరూ నన్నే చూశారు, ఎవరూ నన్ను అడగలేదు. బయట మా స్నేహితురాళ్లు పరీక్ష రాసి నవ్వుకుంటూ పోతుంటే కిటికీలోంచి వినబడింది. అప్పటినుంచి ఎవరి మెడలో దండ చూసినా, వీళ్లకి ఇవాళ ఎక్కడ పరీక్ష ఉందో అనిపిస్తుంది.

ఆ విడతలో చిసోమో రాయవలసింది ఒక్కటే, చేపల రోగాల పేపరు. ఆ రోజు పదింటికి పరీక్ష. అదే రోజు పదింటికి మాసోత్సవం ముగింపు సభ, గ్రేడు బృందం ఎదుట. ఉపన్యాసాంశం 'చదువే నల్లజాతికి ఆయుధం'.

ఆ పొద్దున చిసోమో తల దువ్వుకుని, రెండు పెన్నులు పట్టుకుని బయలుదేరింది.

"హాల్ టికెట్ లేదు కదే?" అన్నాను.

"లేదప్పా. ఊరికినే గుమ్మం కాడ కూకుంటాను. నాను సదివింది నాకు తెలవాలి కదా."

పరీక్ష హాలు వరండాలో, చెప్పుల పక్కన కూర్చుంది. పైడి పోయి ఒళ్లో ఎక్కింది. లోపల అందరూ రాయడం మొదలుపెట్టబోతున్నారు. అప్పుడు వామనమూర్తి గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. పంచె ఒక చేత్తో పట్టుకున్నారు, దండ ఒక చేత్తో పట్టుకున్నారు.

"అమ్మా! బృందం వారు వచ్చి కూర్చున్నారు! వైస్ ఛాన్సలర్ గారు లేచి నిలబడ్డారు! దీపం వెలిగించడానికి లేదు, మీరు లేరు!"

"నాకు పరీక్షుందండి."

"మీకు పరీక్ష లేదుగా? హాల్ టికెట్ ఇవ్వలేదుగా?"

"ఇస్తే రాస్తాను. ఇవ్వకపోతే ఇక్కడే కూకుంటాను. సన్మానం వొల్లనండి."

ఆయన బతిమాలారు, శతాబ్దాల అవమానం గుర్తు చేశారు. ఆ పిల్ల కదల్లేదు. పైడి దండలోంచి ఒక బంతిపువ్వు పీకింది. రిజిస్ట్రార్ గారు కారులో వచ్చారు, నిబంధనల పుస్తకంతో సహా. ఫోనులో వైస్ ఛాన్సలర్ గారి గొంతు మాకందరికీ వినబడుతూనే ఉంది. ప్రతినిధి లేకుండా మొదలుపెడితే తన సంతకంతో వచ్చిన సర్క్యులర్‌ని తానే ఉల్లంఘించినట్టు. బృందం వాళ్ల చేతిలో ఆ సర్క్యులర్ కాపీ ఉంది.

రిజిస్ట్రార్ గారు వరండాలో అటూ ఇటూ నడిచారు. ఆగారు. ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"పరీక్షగా అయితే నిబంధనలు ఒప్పుకోవు," అన్నారు. "కార్యక్రమంగా అయితే అభ్యంతరం లేదు! 'నల్లజాతి వనిత విద్యాదీక్ష, ప్రత్యక్ష ప్రదర్శన.' వేదిక మీద బల్ల వేయించండి."

"పేపరు నిజందేనాండి?" అంది చిసోమో.

"ప్రదర్శనలో సహజత్వం కోసం నిజమైనదే తెప్పించబడును."

"దిద్దుతారా?"

"సహజత్వం కోసం... దిద్దించవలసియే ఉండును."

"మార్కులు?"

రిజిస్ట్రార్ గారు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. అందులోంచి, "ఇచ్చి తీసుకురండయ్యా!" అని కేక వినబడింది.

సభా మందిరంలో వేదిక నడుమ బల్ల వేశారు. చిసోమో మెడలో దండ వేశారు. అది బల్ల మీద ఆనుతోందని తీసి పక్కన పెట్టి, ప్రశ్నపత్రం విప్పింది. దీపం వెలిగింది. వైస్ ఛాన్సలర్ గారు మాట్లాడారు. ముఖ్య అతిథి మాట్లాడారు. వామనమూర్తి గారు చిసోమో మనసులోని మాటలు చదివారు. వందన సమర్పణ కూడా అయిపోయింది. అందరూ వెనక భోజనాల వైపు చూస్తున్నారు.

చిసోమో లేవలేదు. చెయ్యెత్తి అడిషనల్ షీటు అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. ప్రతినిధి వేదిక దిగనిదే కార్యక్రమం ముగిసినట్టు కాదు. పరీక్ష మూడు గంటలు.

వైస్ ఛాన్సలర్ గారు మళ్లీ కూర్చున్నారు. వామనమూర్తి గారు మళ్లీ లేచారు. నల్లజాతి చరిత్ర గురించి తనకు తెలిసిందంతా మరోసారి చెప్పారు. నెల రోజులుగా చెబుతున్నదే కావడంతో తొందరగా అయిపోయింది. భూగర్భశాస్త్రం ఆయన నల్లరాయి చెప్పారు. సంస్కృతం ఆయన శ్లోకం అందుకుని, అర్థం చెప్పి, అర్థానికి మళ్లీ అర్థం చెప్పారు. ఇంకెవరూ మిగలకపోతే మా ఆయన్ని పిలిచి మైకు పరీక్షించమన్నారు. దేముడు "హలో, హలో, వన్, టూ" అన్నాడు. ఆ రోజు అన్నిటికన్నా గట్టిగా చప్పట్లు దానికే పడ్డాయి.

చిసోమో ఒక చెవి మీద చెయ్యి పెట్టుకుని రాస్తోంది.

నేను గుమ్మం దగ్గర పైడిని పట్టుకుని నిలబడ్డాను. ఇంత గోలలో ఏం రాస్తుంది? తప్పితే? పక్క హాల్లో వాళ్లంతా చల్లగా, నిశ్శబ్దంగా రాస్తున్నారు కదా.

బృందంలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ కుర్చీలోంచి లేచి బల్ల దగ్గరికి వెళ్లి, కాగితం వైపు వంగి చూశారు. తిరిగి వచ్చి వైస్ ఛాన్సలర్ గారితో ఏదో అన్నారు. తర్వాత మా ఆయన చెప్పాడు: "పాపం, ఆ అమ్మాయి రాసుకుంటోంది. కొంచెం నెమ్మదిగా జరుపుకోండి," అన్నారట.

దాంతో ముగింపు సభ గుసగుసలతో సాగింది. వామనమూర్తి గారు "స్వేచ్ఛా పిపాస" అని రహస్యం చెబుతున్నట్టు అన్నారు. చప్పట్లు కొట్టవలసిన చోట తలలూపారు. కాసేపటికి గుసగుసలు కూడా అయిపోయాయి. అంత పెద్ద మందిరంలో, అంతమంది ఆచార్యుల నడుమ, కాగితం మీద పెన్ను గీసుకుపోతున్న చప్పుడు వినబడింది. నెల రోజుల ఉత్సవంలో ఆ పిల్ల చప్పుడు వినడం అదే మొదలు.

"పిన్ని రాస్తందమ్మా," అంది పైడి నా చెవిలో.

"ఊఁ. రాయనీ."

గంట కొట్టాక చిసోమో కాగితాలు దారంతో కట్టి ఇచ్చింది. ప్రాణం లేచి వచ్చిన వైస్ ఛాన్సలర్ గారు, సంతోషం పట్టలేక, "ప్రతినిధి గారు రెండు మాటలు మాట్లాడతారు!" అనేశారు. వామనమూర్తి గారు ఆపేలోగా దేముడు మైకు ఆమె ముందు పెట్టేశాడు.

"పేపరు బాగానే రాసినానండి," అంది చిసోమో. "మూడో ప్రశ్న వొదిలీసినాను. మీరంతా నీరసపడిపోనారు. లెగండి, అన్నాలు తినండి."

ఇంతకంటే మంచి ఉపన్యాసం తాను వినలేదని ఆ పెద్దావిడ అన్నారట.

విశ్వవిద్యాలయానికి పై గ్రేడు వచ్చింది. చిసోమో పాసైంది, స్కాలర్‌షిప్ నిలబడింది. జ్ఞాపికలన్నీ పైడికి ఇచ్చేసింది. మా అత్తమ్మ వాటిని వరసగా పేర్చి, పైన పచ్చడి జాడీలు పెట్టింది. ఆదివారం నలుగు మాత్రం మళ్లీ మొదలవలేదు. పైడి ఒప్పుకోదు.

గ్రేడు రుచి మరిగిన విశ్వవిద్యాలయం ఊరుకుంటుందా? రెండు నెలలు తిరక్కుండానే నోటీసు బోర్డు మీద కొత్త సర్క్యులర్ పడింది. 'చదువు మధ్యలో ఆగిన యువ మాతృమూర్తుల మాసోత్సవం.' కింద అవే షరతులు. ప్రతినిధి వేదికపై ఆసీనులు కానిదే ప్రారంభం కారాదు, దిగనిదే ముగియరాదు.

చదివి చీపురు అక్కడే గోడకి ఆనించి నిలబడిపోయాను. వెనక నుంచి దగ్గు వినబడింది. ఆచార్య వామనమూర్తి గారు. చేతిలో శాలువా.

"అమ్మా నూకరత్నం! మీ వంటి తల్లులు తరతరాలుగా చదువుకు దూరమయ్యారు. ఆ లోటును ఈ నెల్లోగా భర్తీ చేయాలని విశ్వవిద్యాలయం సంకల్పించింది. మీరు కేవలం కూర్చుంటే చాలు."

ఉద్యోగం గుర్తొచ్చింది, పైడి గుర్తొచ్చింది. గది గుమ్మంలో నిలబడి చిసోమో నా వైపే చూస్తోంది.

"కూకుంటానండి," అన్నాను. "తవరు బల్ల ఎయ్యించండి. ఇంటర్ రెండో ఏడు సివిక్స్ పేపరు కూడా తెప్పించండి."

"పేపరా? ఎందుకమ్మా?"

"సహజత్వం కోసమండి."